ముచికుందా నది – మోక్షగుండం వారు

అనంతగిరిపై వెలసిన శ్రీ అనంతపద్మనాభస్వామిని సేవింప వచ్చు భక్తులు కొండ దిగువనున్న గుండమున స్నానమాచరింతురు. ముచికుంద మహారాజు శ్రీకృష్ణుని పాదములు కడిగిన జలమే ముచికుందా నదియై ప్రవహించెనని స్థలపురాణము. నేటి మూసీ నది యదియే. ఆ నదిని తలచునపుడు మోక్షగుండం విశ్వేశ్వరయ్య గారిని స్మరింపకుండుట కృతఘ్నత యగును.

వీరి పూర్వులది గిద్దలూరు ప్రాంతమునందలి మోక్షగుండం గ్రామము. వారు మైసూరు సీమకు తరలిపోగా, 1861లో ముద్దేనహళ్ళియందు విశ్వేశ్వరయ్య గారు జన్మించిరి. తండ్రి శ్రీనివాసశాస్త్రి గారు సంస్కృత పండితులు. బాల్యముననే పితృవియోగము సంభవింపగా, పిల్లలకు పాఠములు చెప్పుకొనుచు వీరు 1881లో బి.ఏ. పట్టమును, 1883లో పూనాయందు ఇంజనీరింగు విద్యను ముగించిరి. 1884లో బొంబాయి ప్రభుత్వ కొలువున చేరి, వరద మట్టము పెరిగినపుడు తమంత తామే తెరచుకొను జలాశయపు తలుపులను రూపొందించి ఖ్యాతి గాంచిరి.

1908 సెప్టెంబరు 28న మూసీ హైదరాబాదును ముంచివేసెను. ఎగువనున్న చెరువు తెగి ఆ నీరు దిగువ చెరువుపై బడ, అదియు తెగి, ఇట్లు అనేక తటాకముల జలము ఒక్కుమ్మడిగా నగరముపై విరుచుకు పడెను. సుమారు 15,000 మంది మృతి చెందిరని అంచనా. ఆఱవ నిజాము మీర్ మహబూబ్ అలీఖాన్ ఆహ్వానముపై విశ్వేశ్వరయ్య గారు 1909లో వచ్చి, వర్షపాతపు లెక్కలను, నదీమార్గమును పరిశీలించిరి. గట్లు పెంచినంత మాత్రమున ప్రయోజనము లేదనియు, వరదకు నగరమునకు ఎగువనే నిలువ చోటు కల్పింపవలెననియు వారు నిశ్చయించిరి. మూసీపైన, దాని ఉపనదియగు ఈసీపైన రెండు జలాశయములు కట్టి, వరదను ఆపి, నది భరింపగలిగినంత నీటినే క్రిందికి విడువవలెనన్నది వారి యోజన. తదనుగుణముగా గండిపేట వద్ద ఉస్మాన్‌సాగర్ 1920లోను, హిమాయత్‌సాగర్ 1927లోను పూర్తియయ్యెను. ప్రాణములు తీసిన నీరే దాహము తీర్చు నీరాయెను.

భూమిలోని నీటినాళములను దేహమునందలి సిరలతో పోల్చి వరాహమిహిరాచార్యులు బృహత్సంహితయందు వివరించిరి. అనంతగిరిపైనున్న ఎఱ్ఱని జేగురురాయి సచ్ఛిద్రము. అది వాననీటిని పీల్చుకొని, వర్షములు వెలిసిన పిదపను ఊటలుగా మెల్లమెల్లగా విడుచును. హైదరాబాదు పరిసరములందున్నది కఠినశిల. పైపొరయందును పగుళ్ళయందును తప్ప నీటిని దాచలేదు. కావున పైన నిలుపుకొనిన నీరే అక్కడ ఆధారము.

మైసూరు దివానుగా 1912 నుండి 1918 వరకు సేవచేసి, 1955లో భారతరత్న బిరుదమునంది, నూరేండ్లు నిండిన పిదప 1962లో వీరు పరమపదించిరి.

నేను ఏబది యేండ్లుగా స్నానసంకల్పమున నదుల నామములు పఠించితిని గాని, ఆ నీరు వచ్చు వాగు పూడిపోవుచున్నదా యని ఒక్కనాడైనను విచారింపలేదు. కొండపై అడవి నశించి, దిగువ కాలువలు కబ్జాలపాలైనచో ఎంతటి జలాశయమైనను ఎండిన పళ్ళెమే. వాగును వాగుగా, చెరువును చెరువుగా ఉండనిచ్చుటయే ముచికుందకు మనము చేయు నిజమైన అర్చన.