ఎడ్వర్డు జాన్‌స్టన్ గారు: కలము, బల్ల, అక్షరము

చక్కని చేవ్రాత పుట్టుకతో వచ్చునని కొందఱును, అభ్యాసమువలన వచ్చునని కొందఱును చెప్పుదురు. ఈ రెంటికిని ముందు విచారింపవలసిన సంగతి మఱియొకటి కలదు. వ్రాయువాడు పట్టిన కలమెట్టిది? కాగితము పఱచిన బల్ల యెట్టిది? వెలుతురు ఏవైపునుండి వచ్చుచున్నది? ఈ చిన్న ప్రశ్నల విచారణలో తన యాయుష్యమును ధారవోసిన యొక మహనీయుని చరిత్రమును మా బాలబాలికలకు సంగ్రహముగా తెలుపుచున్నాము.

ఎడ్వర్డు జాన్‌స్టన్ గారు 1872వ సంవత్సరము ఫిబ్రవరి 11వ తేదీన దక్షిణ అమెరికాలోని ఉరుగ్వే దేశమందు స్కాట్లండు వంశీయులగు తలిదండ్రులకు జన్మించిరి. వారి పసితనముననే కుటుంబము ఇంగ్లండునకు వచ్చి చేరెను. బాల్యమున వారు ఎక్కువగా ఇంటివద్దనే చదువుకొనిరి. యుక్తవయస్సున ఎడింబరో విశ్వవిద్యాలయమున వైద్యవిద్య నారంభించిరి గాని దేహారోగ్యము చాలక దానిని మధ్యలోనే విడువవలసి వచ్చెను. 1898లో లండనులో నుండునప్పటికి వారికి పట్టము లేదు; స్థిరమైన వృత్తియు లేదు. చిన్ననాటినుండి యలవడిన అక్షరప్రీతి మాత్రము విడువలేదు.

ఆ కాలమున లెథబీ యను శిల్పవిద్యాధికారి వారి నేర్పును గుర్తించి ప్రోత్సహించెను. సిడ్నీ కాకెరెల్ అనువారు బ్రిటిషు మ్యూజియములోని ప్రాచీన వ్రాతప్రతులలో ఏవేవి చూడదగినవో చూపిరి. జాన్‌స్టన్ గారు వానియెదుట కూర్చుండి ఒక్కొక్క గీతను పరిశీలించిరి. అప్పటి జనులు సన్నని మొనగల ఉక్కుపాళీలతో వ్రాయుచుండిరి. అలంకారాక్షరములు కావలసినచో అంచులను గీసి లోపల రంగు నింపుచుండిరి. పాతప్రతులలోని అక్షరములు అట్లు పుట్టలేదని వారు గ్రహించిరి. వెడల్పైన మొనగల కలమును ఒకే వాలున పట్టి నడిపినచో, ఒకవైపు సాగిన గీత లావుగాను, మఱియొకవైపు సాగిన గీత సన్నముగాను తనంతట తానే వచ్చును. నొక్కి వ్రాయ నక్కఱలేదు. 10వ శతాబ్దమునాటి యొక కీర్తనల గ్రంథమును వారు ముఖ్యమైన మాదిరిగా గైకొనిరి. ఆ ప్రతి ఇప్పుడు బ్రిటిషు లైబ్రరీలో నున్నది.

మొన మాఱినందున తక్కిన సామగ్రియు మాఱవలసి వచ్చెను. క్రొత్తగా నేర్చువారికి లావైన రెల్లుకలము మంచిదని వారు చెప్పిరి. పెద్ద అక్షరములలో తప్పు దాగదు. సన్నని పనికి బాతు ఈకను గాని సీమకోడి ఈకను గాని పదునైన చాకుతో చెక్కుకొనవలెను. సిరా ఒక్కసారిగా జాఱకుండ కలము లోపల పలుచని లోహపు రేకును వంచి యమర్చవలెను. కలమును సిరాబుడ్డిలో ముంచుటకంటె కుంచెతో సిరా నింపుట మేలు.

బల్ల విషయమున వారి పద్ధతి మిక్కిలి సులభమైనది. చదునైన మేజామీద కలము నిటారుగా నిలుచును. సిరా వేగముగా దిగి మరకలగును. వ్రాతపలకను బాగుగా ఏటవాలుగా నిలిపినచో కలము పడుకొనినట్లుండును. సిరా మెల్లగా దిగును. వ్రాయువాని వీపు వంగదు. ఇందుకు గొప్ప సొమ్ము అక్కఱలేదు. ఒక పలకను ఒడిలో నుంచుకొని మేజా యంచునకు చేరవేసినను చాలును. పలకకు అడ్డముగా నాడా బిగించి కాగితమును దానిక్రింద నుంచవలెను. చేయి క్రిందికి జరుగక, వ్రాసిన పంక్తి ముగియగానే కాగితమునే పైకి లాగవలెను. అట్లయిన మొదటి పంక్తికిని కడపటి పంక్తికిని చేతివాటము ఒక్కటియే. చేతినీడ పడకుండ వెలుతురు ఎడమవైపునుండి రావలెను.

ఈ విద్యను వారు 1899నుండి లండనులోని సెంట్రల్ స్కూలునందును, 1901నుండి రాయల్ కాలేజి ఆఫ్ ఆర్టునందును బోధించిరి. ప్రసిద్ధ శిల్పి ఎరిక్ గిల్ వారి శిష్యుడే. 1906లో వారు ప్రకటించిన గ్రంథము ఈ కళకు మూలగ్రంథమయ్యెను. అన్నా సైమన్సు అను శిష్యురాలు దానిని జర్మను భాషలోనికి మార్చగా 1910లో వెలువడెను.

1913లో ఫ్రాంక్ పిక్ అను అధికారి లండను భూగర్భ రైలుమార్గముల ప్రకటనలకు తగిన అక్షరములను వ్రాసి యిమ్మని కోరెను. నడచుచున్న బండినుండి చూచువానికిని తేటగా తెలియునట్టి అక్షరములను జాన్‌స్టన్ గారు గీసి యిచ్చిరి. అవి 1916లో వాడుకకు వచ్చెను. 1979లోను 2016లోను కొన్ని సవరణలు జరిగినను లండను స్టేషనులలో నేటికిని కనబడునవి వారి అక్షరములే.

వారు 1912నుండి ససెక్సులోని డిచ్లింగు గ్రామమున నివసించిరి. ఏ పనినైనను మనస్సునకు సరిపడువఱకు విడువనివారగుటచే పని ఆలస్యమగుచుండెను, ధనము చేరలేదు. 1936లో భార్య గ్రేటా గారు మరణించిరి. 1939లో ప్రభుత్వము వారికి బిరుదమిచ్చి గౌరవించెను. 1944 నవంబరు 26వ తేదీన వారు డిచ్లింగులోనే పరమపదించిరి.

మన పెద్దలును తాటియాకుమీద గంటముతో వ్రాసి, గీతలలో మసి పూసి, అక్షరములు కనబడునట్లు చేసెడివారు. పనిముట్టు ఎట్టిదో అక్షరము అట్టిదని వారికిని తెలియును. కావున బాలబాలికలారా! మీ వ్రాత బాగుండలేదని దిగులుపడుటకు ముందు పాళీ యరిగినదేమో చూడుడు. పలకను కొంచెము వాల్చుడు. కిటికీని ఎడమవైపున నుంచుకొని కూర్చుండుడు. తలిదండ్రులు ఖరీదైన కలము కొనిపెట్టుటకంటె ఇంటిలో వెలుతురుగల యొక మూలను పిల్లల వ్రాతకు విడిచి యిచ్చుట మేలని మేము తలంచుచున్నాము. అటుపిమ్మట కావలసినది ఓపిక. దానిని ఎవరికి వారే సంపాదించుకొనవలెను.