రాతి తొట్టి నుండి నది వరకు: జాన్ బన్యన్ భక్తుని జీవితము

యాత్రికుని ప్రయాణము అను పుస్తకము పేరు వినని తెలుగు బాప్టిస్టు కుటుంబము అరుదు. దానిని వ్రాసిన జాన్ బన్యన్ భక్తుని జీవితమును, ముఖ్యముగా బాప్తిస్మము విషయములో ఆయన పడిన ప్రయాసను, ఈసారి మీ ముందుంచుచున్నాము.

ఇంగ్లాండులో బెడ్‌ఫర్డ్ పట్టణమునకు దగ్గరలో ఎల్‌స్టో అను గ్రామమున్నది. అక్కడి పాత దేవాలయములో మధ్యయుగముల నాటి ఎనిమిది పలకల రాతి తొట్టి నేటికిని ఉన్నది. పాత్రలకు మాట్లు వేసి బ్రతికే థామస్ బన్యన్ కుమారునికి 1628 నవంబరు 30న ఆ దేవాలయములోనే బాప్తిస్మమిచ్చి, జాన్ అని పేరు పెట్టారు. పసిబిడ్డకు ఆ సంగతి ఏమి తెలియును?

జాన్ కూడ తండ్రి పనే నేర్చుకొన్నారు. 1644లో తల్లి, ఆ వెంటనే చెల్లెలు చనిపోయారు. ఆ ఏడే పార్లమెంటు సైన్యములో చేరారు. తిరిగి వచ్చి పెండ్లి చేసుకొన్నప్పుడు ఇంట సరియైన గిన్నె, చెంచా కూడ లేవు. భార్య పుట్టింటి నుండి తెచ్చినవి రెండు భక్తి పుస్తకములే. వారి మొదటి బిడ్డ మేరీ గ్రుడ్డిది. 1650 జూలైలో ఆమెకును ఎల్‌స్టో దేవాలయములోనే బాప్తిస్మమిప్పించారు.

ఆ రోజులలో ఆయన గుడి గంటలు మ్రోగించేవారు. ఆదివారము మన బిళ్ళంగోడు వంటి ఆట ఆడేవారు. ఒకనాడు బెడ్‌ఫర్డ్ వీధిలో గుమ్మము ముందు ఎండలో కూర్చున్న బీద స్త్రీలు నూతన జన్మమును గూర్చి మాట్లాడుకొనుట విన్నారు. అది తనకు లేదని గ్రహించి ఎంతో కలత చెందారు. వారి కాపరి జాన్ గిఫర్డ్ ఆయనను నడిపించారు. తరువాత ఔస్ నదిలో బన్యన్ బాప్తిస్మము పొందారని అక్కడివారు తరతరములుగా చెప్పుకొందురు.

1660 నవంబరులో అనుమతి లేక బోధించినందుకు ఆయనను పట్టుకొన్నారు. బోధ మానుదునని మాట ఇస్తే విడుదలయ్యేవారు. ఇవ్వలేదు. 12 ఏండ్లు చెరలో ఉండి, లేసులు తయారు చేసి అమ్మి భార్యాబిడ్డలను పోషించారు. అన్నిటికంటె గ్రుడ్డి బిడ్డ మేరీ తలంపే ఆయన హృదయమును కోసినది.

1672లో విడుదలై బెడ్‌ఫర్డ్ సంఘ కాపరిగా సేవ చేశారు. ఆ సంఘము నదిలో మునిగినవారిని, తొట్టి దగ్గర పసితనమున బాప్తిస్మము పొందినవారిని కూడ, వారి విశ్వాసమును చూచి ప్రభు బల్లకు చేర్చుకొన్నది. విలియం కిఫిన్ మొదలగు లండను బాప్టిస్టు పెద్దలు దీనిని గట్టిగా ఆక్షేపించారు. నీటి బాప్తిస్మమును గూర్చిన అభిప్రాయ భేదము సహవాసమునకు అడ్డు కారాదని బన్యన్ 1673లో ఒక పుస్తకమే ప్రచురించారు. యాత్రికుని ప్రయాణము 1678లో వెలువడినది. 1688లో ఒక తండ్రీ కొడుకులను సమాధానపరచి, వానలో తడిసి లండను చేరి, జ్వరముతో ఆగస్టు 31న ప్రభువునందు నిద్రించారు.

పొరుగు రాష్ట్రములలో ఉన్న మన ఆరాధనలకు లూథరను, సి.యస్.ఐ. కుటుంబములు కూడ తెలుగు మాట కొరకు వచ్చుచున్నవి. అట్టి ఒక సహోదరిని బల్ల యొద్దనుండి వెనుకకు పంపిన పెద్దలలో మేమును ఉన్నాము. ఆమె మరల రాలేదు. విశ్వాసి బాప్తిస్మము వాక్యానుసారమని మేము నేటికిని నమ్ముచున్నాము, బోధించుచున్నాము. అయినను ఆనాడు మేము ఆమె బాప్తిస్మమును గూర్చి అడిగితిమే గాని, ఆమె విశ్వాసమును గూర్చి అడుగలేదు. రాబోవు సమావేశములో పెద్దలందరును ఈ సంగతి ప్రార్థనాపూర్వకముగా ఆలోచించవలెనని కోరుచున్నాము.