కాలి కుట్టుమిషను – ఐజాక్ సింగర్ జీవితం

నల్లని ఇనుప మెడ, దానిపై బంగారు రంగు లతలు, కింద అల్లికపనిని తలపించే పోత ఇనుప కాళ్ళు, ఆ కాళ్ళ నడుమ ఒక తొక్కుడు పలక. ఈ రూపాన్ని ఎరుగని హైదరాబాదీ ఉండడు. షేర్వానీ కుట్టే దర్జీ దుకాణం మొదలు, భర్తను కోల్పోయిన ఇల్లాలు బిడ్డలను చదివించుకొన్న ఇరుకు గది వరకు ఎన్నో బ్రతుకులను ఆ పలక నడిపించింది. ఇప్పుడు దాని గతి వేరు. గురువారం జుమ్మెరాత్ బజారుకు పోతే పాత ఇనుము ధరకు దొరుకుతుంది. 1998లో సైబర్ టవర్స్ వెలసిన పిమ్మట హైటెక్ సిటీ చుట్టుపట్ల పుట్టిన కాఫీ హోటళ్ళలోనేమో దాని తల తీసివేసి, కాళ్ళపై రాతి పలక పరచి, బల్లగా వాడుతున్నారు. అచ్చట కాఫీ సేవించే యువకులు కాలి దగ్గరి ఇనుప అక్షరాలలో ఒక పేరు చదువుతారు. అది ఒక మనిషి పేరు అని తెలిసినవారు తక్కువ. అతని చరిత్రను మా విద్యార్థి సోదరీ సోదరుల ముందుంచాలని మా ఉద్దేశం.

ఐజాక్ మెరిట్ సింగర్ 1811 అక్టోబరు 27న అమెరికాలోని న్యూయార్క్ రాష్ట్రంలో జన్మించాడు. తండ్రి జర్మనీ నుండి వలస వచ్చిన సామాన్యుడు. చదువు అంతంతమాత్రం. పన్నెండవ ఏట ఇల్లు విడిచి యంత్రశాలలో పని నేర్చినా, అతని మనస్సు మాత్రం నాటకరంగంపై నిలిచింది. 1839లో రాతిని తొలిచే యంత్రానికి పేటెంటు పొంది, దానిని రెండువేల డాలర్లకు అమ్మి, ఆ ధనంతో నాటక సమాజం స్థాపించి ఊరూరా తిరిగాడు. ధనం కరగిపోయింది. తరువాత అక్షరాలు చెక్కే యంత్రం ఒకటి చేశాడు. బాయిలరు ప్రేలిన ప్రమాదంలో అదీ నాశనమైంది. నలుబది ఏండ్లు సమీపించే నాటికి అతని చేతిలో చిల్లిగవ్వ లేదు.

1850లో బోస్టన్ నగరంలో ఆర్సన్ ఫెల్ప్స్ అనే యజమాని కార్ఖానాలో, మరమ్మతుకు వచ్చిన కుట్టుయంత్రాలు అతని కంటబడ్డాయి. వాటిలో షటిల్ గుండ్రంగా తిరిగేది, దారం పురి విడిపోయేది. సింగర్ షటిల్‌ను ముందుకూ వెనుకకూ నడిపించాడు, సూదిని నిటారుగా నిలిపాడు, గుడ్డను అదిమిపట్టే పాదం అమర్చాడు. జార్జి జీబర్ అనే మిత్రుడు పెట్టిన నలుబది డాలర్ల పెట్టుబడితో పదకొండు దినాలలో నమూనా సిద్ధమైందని చెబుతారు. 1851 ఆగస్టు 12న పేటెంటు లభించింది. అన్నిటికంటె మేలైన మార్పు కాలి పలక. చేతితో చక్రం తిప్పినంతకాలం గుడ్డను నడపడానికి ఒక్క చేయే మిగులుతుంది. కాలు ఆ పని అందుకొనగానే రెండు చేతులూ గుడ్డకు దక్కాయి. యంత్రాన్ని పంపే పెట్టెనే బల్లగా నిలిపి, దానికి ఈ పలకను తగిలించాడట. దానికి వేరుగా పేటెంటు కోరవచ్చునన్న తలపు సకాలంలో రాలేదంటారు.

కుట్టుమిషనును కనిపెట్టినది సింగరేనా? కాదు. కొనవైపు బెజ్జమున్న సూదితో, రెండు దారాల ముడికుట్టుతో పనిచేసే యంత్రానికి ఎలియాస్ హౌ అనే పేద పనివాడు 1846లోనే పేటెంటు పొందాడు. అంతకుముందే వాల్టర్ హంట్ అట్టి యంత్రం చేసి పేటెంటు తీసుకొనక వదిలివేశాడు. హౌ న్యాయస్థానానికి ఎక్కగా, 1854లో సింగర్ 15,000 డాలర్లు చెల్లించి రాజీపడవలసి వచ్చింది. 1856లో హౌతోపాటు మూడు పెద్ద కంపెనీలు తమ పేటెంట్లను ఒకచోట చేర్చి, లైసెన్సు రుసుము పంచుకొనడానికి ఒడంబడిక చేసుకొన్నాయి. నేడు గచ్చిబౌలి, మాదాపూర్ కార్యాలయాలలో లైసెన్సుల లెక్కలు చూసే మన పూర్వవిద్యార్థులకు ఈ ఏర్పాటు క్రొత్తగా తోచదు.

ఇచ్చట మరొక పేరు చెప్పక తప్పదు. సింగర్ భాగస్వామి ఎడ్వర్డ్ క్లార్క్ న్యాయవాది, మితభాషి, సింగర్ స్వభావానికి పూర్తిగా విరుద్ధుడు. ఆనాడు యంత్రం వెల నూరు డాలర్లకు పైమాట. సామాన్య కుటుంబం అంత సొమ్ము ఒకసారి తేలేదు. కొంత ముందుగా చెల్లించి యంత్రాన్ని ఇంటికి తీసుకొనిపోయి, మిగిలినది నెలనెలా కట్టే పద్ధతిని క్లార్క్ 1856లో ప్రవేశపెట్టాడు. మన ఐటీ ఉద్యోగులు ఇంటికీ కారుకూ కట్టే నెలసరి వాయిదాలకు పూర్వరూపం ఈ మిషను వాయిదాయే. 1876లో కంపెనీ 2,62,000కు పైగా యంత్రాలు అమ్మింది. సింగర్ తెలివి యంత్రాన్ని నడిపించిందనీ, దానిని ఇంటింటికీ చేర్చినది క్లార్క్ అనీ మా అభిప్రాయం.

ఇక సింగర్ గృహజీవితం. 1830లో కేథరిన్‌ను వివాహమాడి, కొన్నేండ్లకు ఆమెను విడిచి, మేరీ ఆన్ స్పాన్స్లర్ అనే స్త్రీతో కాపురముండి పదిమంది బిడ్డలను కన్నాడు. ఆమెను ధర్మపత్నిని చేయలేదు. 1860లో న్యూయార్క్ వీథిలో వేరొక స్త్రీతో బండిలో పోతూ ఆమె కంటబడ్డాడు. గుట్టు రట్టయి, కేసులై, ఐరోపాకు పారిపోయాడు. 1863లో క్లార్క్ పాత భాగస్వామ్యాన్ని రద్దుచేసి క్రొత్త కంపెనీ ఏర్పరచగా, సింగర్ వాటాలు పుచ్చుకొని నిర్వహణ నుండి తప్పుకొన్నాడు. ఆ ఏడే పారిస్ యువతి ఇసబెల్లా బోయర్‌ను పెండ్లాడాడు. మొత్తం సంతానం ఇరవైమందికి పైమాటే.

ఈ వివరాలు చెప్పడానికి కారణమున్నది. యంత్రనాగరికతను నిరసించిన మహాత్మాగాంధీ 1924లో ఒక విద్యార్థితో ముచ్చటిస్తూ సింగర్ మిషనుకు మాత్రం మినహాయింపు ఇచ్చారు. భార్య సూదిపనితో అలసిపోవడం చూసి, ప్రేమతో సింగర్ దానిని కల్పించాడని వారు నమ్మారు. ఆ కథ సింగర్ ఇంటిది కాదు. ఇల్లు గడవడానికి భార్య రాత్రింబవళ్ళు కుట్టుతూంటే చూస్తూ కూర్చున్నవాడు ఎలియాస్ హౌ అని అతని జీవితకారులు వ్రాశారు. పేరు ఒకరిదై, ప్రేమ మరొకరిదై, రెండూ ఒకే కథలో కలిసిపోయాయి. మహాత్ముని మినహాయింపు మాత్రం సరియైనదే. కూలి దండుకొనే మిల్లువలె గాక, ఆ యంత్రం ఇంట్లో కూర్చున్న మనిషి చేతిలోనే ఉండిపోయింది.

పాత మిషను కొనదలచినవారికి రెండు మాటలు. మెడ కింది పీఠంపై అంకెలు చెక్కి ఉంటాయి. 1900కు ముందువాటికి అంకెలే. తరువాతివాటికి ముందు అక్షరం చేరింది. ఎఫ్, వై వంటి అక్షరాలు స్కాట్లండు కార్ఖానాను తెలుపుతాయి. ఆ అంకెను బట్టి తయారైన సంవత్సరం తెలుసుకొనవచ్చు. రంగు పూయించిన దానికంటె, బొమ్మలు సగం చెరిగినా అసలు పూత నిలిచిన మిషనే విలువైనది. తల, కాళ్ళు విడివిడిగా కొని జోడించినదాన్ని మేము పురావస్తువుగా లెక్కించము. దర్జీకి అది చాలు, సంగ్రహకునికి చాలదు. 2009లో సౌదీ అరేబియాలో ఒక వదంతి పుట్టింది. పాత సింగర్ సూదుల్లో ఎర్ర పాదరసం ఉందట! జనం లక్షల రూపాయల ధర పెట్టి ఎగబడ్డారు. అందులో నూనె, దుమ్ము తప్ప ఏమీ లేదు. గల్ఫులో బంధువులున్న మన కుటుంబాలు ఈ ముచ్చట గుర్తుంచుకొంటే మంచిది.

సింగర్ చివరి దినాలు ఇంగ్లండులోని పేయింటన్‌లో గడిచాయి. అచ్చట నూటికిపైగా గదుల మహాసౌధం ఓల్డ్‌వే కట్టించబూనాడు. అది పూర్తికాకముందే 1875 జులై 23న మరణించాడు. కోటి ముప్పై లక్షల డాలర్లకు పైబడిన ఆస్తికై భార్యలు, బిడ్డలు న్యాయస్థానంలో పోరాడారు. పదేండ్లకు, 1885లో, కంపెనీ స్కాట్లండులోని క్లైడ్‌బ్యాంక్‌లో పెద్ద కార్ఖానా తెరచింది. మన దేశానికి ఎన్నో మిషన్లు అక్కడినుండే ఓడలెక్కాయి. 1980లో అది మూతపడింది. ఆ ఊరి రైల్వేస్టేషను పేరు మాత్రం నేటికీ సింగరే.