తరగతి గది దొరకని మాస్టారు

మన పాఠశాల స్వర్ణోత్సవ సంచికలో మన మాస్టార్ల గురించి రాసే మిత్రులు చాలామంది ఉంటారు. నేను మాత్రం ఏ బడిలోనూ ఉద్యోగం దొరకని ఒక మాస్టారి గురించి రాస్తున్నాను. ఆయన పేరు ఆంద్రే బజాన్. ఫ్రెంచి సినిమా విమర్శకుడు. ఉద్యోగరీత్యా ఊళ్లు తిరుగుతూ ఫిల్మ్ సొసైటీల్లో సినిమాలు చూసే రోజుల్లో ఆయన వ్యాసాల ఇంగ్లీషు అనువాదం నా చేతికి వచ్చింది. ఆ వ్యాసాల కంటే ఆయన జీవితం నన్ను ఎక్కువగా ఆకట్టుకుంది.

బజాన్ 1918లో ఆంజె పట్టణంలో పుట్టారు. ఉపాధ్యాయుడు కావాలని పారిస్ దగ్గర శిక్షణ కళాశాలలో చేరి బాగా చదివారు. కానీ ఆయనకు నత్తి. మౌఖిక పరీక్షలో ఆ నత్తే అడ్డుపడింది. పాఠం చెప్పే ఉద్యోగం అందకుండా పోయింది.

అది రెండో ప్రపంచ యుద్ధ కాలం. పారిస్ జర్మన్ సైన్యం గుప్పిట్లో ఉంది. ఆ రోజుల్లోనే ఆయన విద్యార్థుల కోసం సినిమా క్లబ్బు నడిపి, నిషేధంలో ఉన్న సినిమాలు కూడా చూపించారు. యుద్ధం ముగిశాక ఫ్యాక్టరీలకు వెళ్లి కార్మికులకు సినిమాలు వేసి, వాటి మీద చర్చలు పెట్టేవారు. పత్రికల్లో విడవకుండా రాసేవారు. పదిహేనేళ్లలో రాసినవి 2,500కు పైనే. 1951లో మిత్రులతో కలిసి ‘కయే ద్యు సినిమా’ పత్రిక మొదలుపెట్టారు.

ప్రేక్షకుడికి అన్నీ ముక్కలు ముక్కలుగా కోసి నోట్లో పెట్టనక్కర్లేదని ఆయన నమ్మకం. కెమెరా నిదానంగా, ఎక్కువసేపు, దగ్గరివీ దూరానివీ అన్నీ స్పష్టంగా చూపిస్తే, ఏది ముఖ్యమో ప్రేక్షకుడే వెతుక్కుంటాడని చెప్పేవారు. ఇటలీ సినిమా ‘బైసికిల్ థీవ్స్’ను అందుకే అంతగా మెచ్చుకుంటూ రాశారు. 1950లో లండన్‌లో అదే సినిమా చూసి మన సత్యజిత్ రాయ్ సినిమా తీయాలని గట్టిగా నిశ్చయించుకున్నారు.

ఇక అసలు సంగతి. 1948లో పదహారేళ్ల కుర్రాడొకడు బజాన్ దగ్గరికి వచ్చాడు. పేరు ఫ్రాన్సువా త్రుఫో. పద్నాలుగేళ్లకే బడి మానేసినవాడు. తాను నడిపే సినిమా క్లబ్బుకు పోటీ రాకుండా ప్రదర్శన వేళ మార్చుకోమని అడగడానికి వచ్చాడట! కొద్దికాలానికే అప్పులపాలైతే పెంపుడు తండ్రే పోలీసులకు అప్పగించాడు. బాల నేరస్థుల కేంద్రం నుంచి బజాన్ విడిపించి పని ఇప్పించారు. తర్వాత సైన్యంలో చేరి, పారిపోయి జైలు పాలైతే మళ్లీ బజానే తిరిగి తిరిగి బయటికి తెచ్చారు. భార్య జనీన్‌తో కలిసి ఆ కుర్రాణ్ణి తమ ఇంట్లోనే ఉంచుకున్నారు. రాయడం నేర్చుకునేందుకు తన పత్రికలో చోటిచ్చారు.

1954లో బజాన్‌కు రక్త క్యాన్సర్ అని తేలింది. అయినా రాత ఆపలేదు. 1958 నవంబరు 10న త్రుఫో తన మొదటి పూర్తి నిడివి చిత్రం ‘ఫోర్ హండ్రెడ్ బ్లోస్’ షూటింగు మొదలుపెట్టాడు. ఆ రాత్రే, తెల్లవారేలోగా, బజాన్ కన్నుమూశారు. అప్పటికి ఆయన వయసు నలభై. బడికీ ఇంటికీ కాకుండా పోయిన ఒక పిల్లవాడి కథ అది. త్రుఫో దాన్ని బజాన్ స్మృతికే అంకితం చేశాడు. మరుసటి ఏడు కాన్ ఉత్సవంలో ఉత్తమ దర్శకుడి బహుమతి అందుకున్నాడు. గురువు సగంలో వదిలివెళ్లిన రెన్వార్ గ్రంథాన్ని కూడా తర్వాత తనే పూర్తిచేసి అచ్చు వేయించాడు.

ఈ జీవితాన్ని తలచుకున్నప్పుడల్లా నాకు మన హాజరు పట్టీలు గుర్తొస్తాయి. ఏటా కొన్ని పేర్ల మీద ఎర్ర గీత పడేది. బడి మానేసిన వాళ్లు. మన పూర్వ విద్యార్థుల జాబితాలో వాళ్లు లేరు, ఈ ఉత్సవానికి వాళ్లకు పిలుపూ అందదు. వాళ్లను వెతికి పిలుద్దామని సంఘం పెద్దలకు నా మనవి. ఇప్పుడు పాఠాలు చెబుతున్న ఉపాధ్యాయ మిత్రులకూ ఒక మాట. ఈ ఏడు గీత పడబోయే పేరు ఎవరిదో మీకు ముందే తెలుస్తుంది. ఒక్కసారి వాళ్లింటికి వెళ్లి రండి.