పెయింట్ షాపు నుంచి పంటిదాకా

ప్లేస్‌మెంట్స్ ప్రిపరేషన్ పేరుతో రాత్రంతా కోలా తాగుతూ కూర్చుంటున్నారా? అందులోని ఫాస్ఫారిక్ ఆమ్లం మీ పంటి ఎనామిల్‌ను కొంచెం కొంచెంగా కరిగిస్తుంది. అలా అరిగిన పంటికి ఫిల్లింగ్ పెట్టే ముందు డాక్టర్ పూసే నీలం జెల్‌లో ఉండేదీ అదే ఆమ్లం! ఈ తిరకాసు వెనకున్న మనిషి మైఖేల్ బువోనకోర్.

1950లలో ఆయన అమెరికాలోని రోచెస్టర్‌లో ఈస్ట్‌మన్ డెంటల్ డిస్పెన్సరీలో పరిశోధకుడు. అప్పట్లో ఫిల్లింగ్ పంటికి అంటుకునేది కాదు. లోపల వెడల్పుగా, పైన ఇరుకుగా గుంట తవ్వి, అది ఊడిపోకుండా బిగించేవాళ్లు. దానికోసం బాగున్న పన్నునీ కోసేయాల్సి వచ్చేది. కొత్తగా వచ్చిన అక్రిలిక్‌ది ఇంకో గోల. గట్టిపడేటప్పుడు కుంచించుకుపోయి, అంచుల్లో సందు వదిలేది.

బువోనకోర్ జవాబు వెతికింది దంతవైద్యంలో కాదు, ఫ్యాక్టరీల్లో. లోహానికి పెయింట్ బాగా పట్టాలంటే ముందు ఫాస్ఫారిక్ ఆమ్లంతో ట్రీట్ చేస్తారు. (మెకానికల్ వాళ్లూ, మీకు ఫాస్ఫేటింగ్ గుర్తొచ్చే ఉంటుంది!) పంటికీ అదే చేస్తే? 85 శాతం ఆమ్లాన్ని ఎనామిల్‌పై 30 సెకన్లు ఉంచి, కడిగి, ఆరబెట్టి, అక్రిలిక్ చుక్క పెట్టాడు. ఆమ్లం పూయని పళ్ల మీద చుక్కలు గంటల్లో ఊడిపోతే, పూసినవి వారాల తరబడి నిలిచాయి. ఆమ్లం చేసిన సన్నటి రంధ్రాల్లోకి రెసిన్ దిగి గట్టిపడటమే కారణం.

1955లో పేపర్ వచ్చింది. చప్పట్లేమీ మోగలేదు. నోట్లో ఆమ్లమా అని భయపడ్డవాళ్లే ఎక్కువ. పైగా సరైన రెసిన్ లేదు. రాఫెల్ బోవెన్ తయారుచేసిన మెరుగైన రెసిన్‌కు పేటెంట్ వచ్చింది 1962లో. ఈలోపు బువోనకోర్ ఖాళీగా కూర్చోలేదు. పిల్లల దవడ పళ్ల గాళ్లు మూసే సీలెంట్లపై పనిచేసి, 1970 నాటికి అతినీలలోహిత కాంతితో గట్టిపడేవి చూపించాడు. మీ క్లాసులో ఎవరి పళ్లకైనా క్లిప్పులుంటే, వాటిని అతికించే పద్ధతికీ మూలం ఆ 1955 పేపరే.

ఒక్కచోట మాత్రం ఆయనకు దారి దొరకలేదు. ఎనామిల్ పూర్తిగా అరిగితే కింద డెంటిన్ బయటపడుతుంది. అందులో తడి, కొల్లాజెన్ ఎక్కువ. 1956లోనే దానికీ అతికించాలని చూశాడు. పట్టు దొరికింది కానీ నీళ్లు తగిలితే వదిలేసేది. ఆమ్లంతో అరిగిన పళ్లకు ఇదే అసలు చిక్కు. రెసిన్ కొల్లాజెన్ పోగుల మధ్యకు దిగి, డెంటిన్‌తో కలిసిపోయిన పొరగా ఏర్పడాలని జపాన్‌లో నకబయాషి 1982లో చూపించాడు. బువోనకోర్ చనిపోయింది 1981లో.