మనస్సును దిద్దుకొన్న రచయిత – మార్క్ ట్వేన్

సాహిత్యం సమాజానికి దర్పణమని పెద్దల మాట. దర్పణంలో ముఖసౌందర్యమే కాదు, ముఖాన ఉన్న మచ్చ కూడా కనిపిస్తుంది. మచ్చను చూసి అద్దాన్ని నిందించేవారు కొందరైతే, ముఖాన్ని శుభ్రపరచుకొనేవారు మరికొందరు. అమెరికా సమాజపు ముఖంమీది జాతివివక్ష అనే మచ్చను చూపిన నవల ‘హకల్‌బెరీ ఫిన్’. దాని కర్త మార్క్ ట్వేన్. నండూరి రామమోహనరావు అనువాదాల ద్వారా, ఆయన నవల ఆధారంగా 1954లో వచ్చిన ‘రాజు పేద’ చలనచిత్రం ద్వారా ట్వేన్ తెలుగువారికి చిరపరిచితుడు. లోకం ఆయనను హాస్యరచయితగా ఎరుగును. కాని బాల్యంలో తనకు తెలియకుండానే అలవడిన జాతివివక్షను జీవితమంతా శ్రమించి వదిలించుకొనడానికి ఆయన చేసిన ప్రయత్నం హాస్యం కంటె గొప్పది.

మార్క్ ట్వేన్ అసలు పేరు శామ్యూల్ లాంఘార్న్ క్లెమెన్స్. ఆయన 1835 నవంబరు 30న మిస్సోరీ రాష్ట్రంలోని ఫ్లోరిడా అనే చిన్న గ్రామంలో జన్మించాడు. 1839లో ఆ కుటుంబం మిసిసిపీ నదీతీరంలోని హానిబల్ పట్టణానికి చేరింది. ఆనాడు మిస్సోరీలో బానిసత్వం చట్టసమ్మతం. నల్లజాతివారిని పశువులవలె కొనడం, అమ్మడం నిత్యకృత్యం. గొలుసులతో బంధించిన స్త్రీపురుషులు ఓడకోసం ఎదురుచూస్తూ నేలపై పడి ఉండడం ఆ బాలుడు చూశాడు. స్వల్ప దోషానికి ఒక యజమాని తన బానిసను ఇనుప ఖనిజపు రాయితో కొట్టి చంపడమూ చూశాడు. అయినా బానిసత్వం తప్పని అతనికి తోచలేదు. ఇంట్లో ఎవరూ తప్పనలేదు. బడిలో ఎవరూ తప్పనలేదు. చర్చిలోనైతే అది దైవసమ్మతమనే బోధించారు. అధర్మం ధర్మమనే పేరుతో ఇంట అడుగుపెట్టినప్పుడు దానిని గుర్తించడం పెద్దలకే కష్టం. పసివాడికి మరీ కష్టం.

ఆ ఇంట్లో శాండీ అనే నల్లజాతి బాలుడు పనిచేసేవాడు. దూరాన ఉన్న మేరీలాండ్‌లోని తనవారినుండి అతనిని వేరుచేసి తెచ్చారు. అతడు రోజంతా పాడుతూ, అరుస్తూ, నవ్వుతూ ఉండేవాడు. ఒకనాడు ఆ గోల భరించలేక శామ్యూల్ తల్లికి ఫిర్యాదు చేశాడు. ఆమె కన్నులు చెమర్చాయి. పాడుతున్నంతసేపు ఆ పిల్లవాడు తన తల్లిని మరచి ఉన్నట్లేననీ, మౌనంగా ఉంటేనే తనకు బాధ కలుగుతుందనీ, వాడికి తల్లిని తిరిగి చూసే భాగ్యం లేదనీ ఆమె వివరించింది. ఆ పాట ఆ తరువాత శామ్యూల్‌ను బాధించలేదు. వృద్ధాప్యంలో ఆత్మకథ చెప్పేటప్పుడు కూడా ఆ సంఘటనను ఆయన మరువలేదు.

1847లో తండ్రి మరణించడంతో శామ్యూల్ చదువు అంతంతమాత్రంగానే సాగింది. అచ్చుకూటంలో పనిచేశాడు. యౌవనంలో ఇంటికి వ్రాసిన లేఖలలో నల్లజాతివారిని గురించి తేలికమాటలు వాడాడు. 1859లో మిసిసిపీ నదిలో ఆవిరి ఓడలు నడిపే అనుమతి పొందాడు. 1861లో అంతర్యుద్ధం ఆరంభమైనప్పుడు బానిసత్వాన్ని సమర్థించే దక్షిణ పక్షపు దళంలో కొద్దివారాలు ఉండి, దానిని విడిచి పశ్చిమ ప్రాంతానికి వెళ్లి పత్రికారచయిత అయినాడు. 1863లో మార్క్ ట్వేన్ అనే కలంపేరు స్వీకరించాడు. ఓడవారి పరిభాషలో ఆ మాటకు రెండు బారల లోతు అని అర్థం. అది ఓడకు సురక్షితమైన లోతు.

1870లో ఒలీవియా లాంగ్డన్‌తో ఆయన వివాహం జరిగింది. ఆమె తండ్రి బానిసత్వ నిర్మూలనకు పాటుపడినవాడు. ఆ సాహచర్యం ట్వేన్ దృష్టిని విశాలం చేసింది. ఆ బంధువుల ఇంట మేరీ ఆన్ కార్డ్ అనే నల్లజాతి వంటమనిషి ఉండేది. సదా నవ్వుతూ ఉండే ఆమె కష్టమన్నది ఎరుగదని ట్వేన్ భావించాడు. ఆ మాటే అడిగితే ఆమె తన కథ చెప్పింది. భర్తనూ, ఏడుగురు బిడ్డలనూ వేలంలో ఒక్కొక్కరినిగా తననుండి వేరుచేసి అమ్మివేశారు. పదమూడు సంవత్సరాల తరువాత యుద్ధకాలంలో చిన్నకుమారుడు మాత్రం ఆమెకు కనబడ్డాడు. శాండీ పాట వెనుక ఉన్న దుఃఖమే ఈమె నవ్వు వెనుక కూడా ఉన్నదని ట్వేన్ గ్రహించాడు. ఆమె చెప్పిన రీతిలోనే ఆ కథను 1874లో ప్రచురించాడు. అందులో హాస్యానికి తావీయలేదు.

ఈ అనుభవాల ఫలమే ‘హకల్‌బెరీ ఫిన్’ నవల. ఇది 1884 డిసెంబరులో ఇంగ్లండులోను, 1885 ఫిబ్రవరిలో అమెరికాలోను వెలువడింది. బానిసత్వం నుండి పారిపోయిన జిమ్, తండ్రి హింస నుండి తప్పించుకొన్న హక్ అనే తెల్లజాతి బాలుడు ఒకే తెప్పపై నదిలో ప్రయాణిస్తారు. జిమ్ ఆచూకీ యజమానురాలికి తెలియజేయడమే ధర్మమని హక్‌కు సమాజం నేర్పింది. జిమ్ చూపిన ప్రేమ మరొక మాట చెబుతుంది. చివరకు నరకప్రాప్తికైనా సిద్ధపడి హక్ తాను వ్రాసిన ఉత్తరాన్ని చింపివేస్తాడు. తాను చేసినది పుణ్యమని ఆ బాలునికి తెలియదు, పాపమనే అనుకొంటాడు. జాతివివక్ష మనిషి అంతఃకరణాన్ని సైతం ఎట్లా వక్రీకరిస్తుందో ఈ సన్నివేశం నిరూపిస్తుంది. 1865లోనే బానిసత్వం రద్దయింది గదా, ఇరవై ఏళ్లకు ఈ నవల ఎందుకని సందేహం కలుగవచ్చు. సంకెళ్లు తెగినా, వాటిని వేసిన మనస్తత్వం తొలగలేదు. దక్షిణ రాష్ట్రాలలో నల్లజాతివారి హక్కులు మళ్లీ హరించబడుతున్న కాలమది.

ట్వేన్ రచనతోనే తృప్తిపడలేదు. 1885లో యేల్ విశ్వవిద్యాలయంలో న్యాయశాస్త్రం చదువుతున్న వార్నర్ మెక్‌గిన్ అనే నల్లజాతి విద్యార్థి ఖర్చులు భరించాడు. దానిని దానంగా కాక, తన జాతి చేసిన అపరాధానికి తీర్చవలసిన ఋణంగా భావించాడు. మెక్‌గిన్ అనంతరకాలంలో ప్రసిద్ధ న్యాయవాది అయినాడు. అమెరికా సుప్రీంకోర్టులో తొలి నల్లజాతి న్యాయమూర్తి అయిన థర్‌గుడ్ మార్షల్‌కు యౌవనంలో మార్గదర్శకుడైనాడు.

1896లో ట్వేన్ ఉపన్యాసయాత్రలో భాగంగా భారతదేశానికి వచ్చాడు. బొంబాయి హోటలులో ఒక ఐరోపావాసి భారతీయ సేవకుని దవడపై కొట్టాడు. సేవకుడు మారుపలుకక తలవంచుకొన్నాడు. ఆ దృశ్యం చూసినంతనే ట్వేన్ మనస్సు అర్ధశతాబ్దం వెనుకకు, హానిబల్ పట్టణానికి పోయింది. దేశం వేరైనా, చర్మవర్ణం వేరైనా, ఆ దెబ్బ ఒకటేనని ఆయన గుర్తించాడు.

అయితే ట్వేన్ సర్వదోష రహితుడు కాడు. అమెరికా ఆదివాసులను గురించి ఆయన వ్రాసిన కొన్ని పుటలలో తిరస్కారం ఉంది. నల్లజాతివారి విషయంలో కలిగినంత మార్పు ఈ విషయంలో కనిపించదు. ఒక వివక్షను జయించినవాడు సైతం మరొకదానికి లోబడి ఉండవచ్చునని ఇందువల్ల తెలుస్తుంది. 1910 ఏప్రిల్ 21న ఆయన దివంగతుడైనాడు.

ఆయన నవలపై వివాదం నేటికీ సాగుతున్నది. 1885లో కాంకర్డ్ గ్రంథాలయం దానిని మోటు గ్రంథమని బహిష్కరించింది. తరువాతి కాలంలో ఆక్షేపణ స్వరూపం మారింది. నల్లజాతివారిని అవమానించే పదం అందులో రెండువందల సార్లకు పైగా వస్తుంది. తరగతిలో దానిని వినే నల్లజాతి విద్యార్థి వేదన కాదనరానిది. 2011లో ఆ పదాన్ని మార్చి ఒక ముద్రణ వెలువడింది. పదాన్ని తుడిచినంత మాత్రాన చరిత్ర తుడుచుకుపోదని పలువురు విమర్శించారు. 2024లో పెర్సివల్ ఎవరెట్ మరొక మార్గం చూపాడు. ఆ కథనే జిమ్ నోట పలికిస్తూ ‘జేమ్స్’ నవల వ్రాసి, 2025లో పులిట్జర్ బహుమతి పొందాడు. ట్వేన్ నవలలో హక్ కన్నులతో మాత్రమే కనిపించిన వ్యక్తి ఇందులో తన కథ తానే చెప్పుకొన్నాడు.

1964లో అమెరికాలో పౌరహక్కుల చట్టం వచ్చింది. అయినా 2020లో మిన్నియాపొలిస్ నగరంలో జార్జ్ ఫ్లాయిడ్ అనే నల్లజాతీయుడు పోలీసు మోకాలి కింద ప్రాణాలు విడిచాడు. 2017 ఫిబ్రవరిలో, ట్వేన్ జన్మించిన మిస్సోరీకి పొరుగున ఉన్న కాన్సాస్ రాష్ట్రంలో ఒక తెలుగు ఇంజనీరు జాతిద్వేషి తుపాకికి బలి అయినాడు. తెలుగునేల శోకించింది. మరుసటి నెలలోనే మన దేశంలో, గ్రేటర్ నోయిడాలో, ఆఫ్రికా విద్యార్థులపై గుంపులు దాడిచేశాయి. పరదేశంలో మనకు జరిగితే అన్యాయమని తోచినది, మన వీధిలో పరులకు జరిగినప్పుడూ అన్యాయమే.

చట్టం చేతులను కట్టడి చేయగలదు. చూపును మార్చవలసినది మనిషే. లోకం నేర్పినదంతా ధర్మం కాదని గ్రహించి, తన మనస్సును తానే పరీక్షించుకొన్నందువల్లనే మార్క్ ట్వేన్ చిరస్మరణీయుడు. ఆ పరీక్ష ప్రతి తరమూ తనకు తాను పెట్టుకొనవలసినదే.