గోరా

విజయవాడ నగరానికి పడమటి కొసన, కృష్ణానది ఒడ్డున భవానీపురం ఉన్నది. అక్కడినుండి నగరం పొడవునా తూర్పునకు వస్తే బెంజి సర్కిల్, దానిని ఆనుకొని పటమట. ఆ దారిన నిత్యం సాగిపోయే వేలాదిమందిలో పటమటలోని నాస్తిక కేంద్రాన్ని చూడనివారు అరుదు. దానిని స్థాపించిన వ్యక్తిని ప్రజలు దైవాన్ని నమ్మనివాడుగా మాత్రమే గుర్తుంచుకొన్నారు. ఆయన జీవితంలో అది సగభాగమే. మనుషులందరూ సమానులే అయితే పాలనలో ఆ సమానత ఎందుకు కనిపించదన్న ప్రశ్న మిగిలిన సగం. ఈ పాఠానికి విషయం ఆ రెండవ సగం.

గోపరాజు రామచంద్రరావు 1902 నవంబరు 15న నేటి ఒడిశాలోని ఛత్రపురంలో సంప్రదాయ బ్రాహ్మణ కుటుంబంలో జన్మించారు. ఇంటిపేరులోని మొదటి అక్షరం, పేరులోని మొదటి అక్షరం కలిసి ‘గోరా’ అయినది. 1922లో సరస్వతిగారితో వివాహం జరిగేనాటికి ఆమె పదేళ్ళ బాలిక. మద్రాసు ప్రెసిడెన్సీ కళాశాలలో వృక్షశాస్త్రం అభ్యసించి, మధురలోను, కొలంబోలోను, కాకినాడలోను, బందరులోను అధ్యాపకులుగా పనిచేశారు. ఉద్యోగం ఎక్కడా స్థిరంగా నిలువలేదు. 1928లో యజ్ఞోపవీతం ధరించడానికి నిరాకరించినందుకు తండ్రి ఆయనను ఇంటినుండి వెళ్ళిపొమ్మన్నారు. కులస్థులు వెలివేశారు. సరస్వతిగారు పసిబిడ్డను ఎత్తుకొని భర్తవెంట నడిచారు. ఆ గడప దాటడానికి భర్తకు ఎంత ధైర్యం కావలసివచ్చిందో, ఆచారాల నడుమ పెరిగిన ఆ ఇల్లాలికి అంతకంటె ఎక్కువ ధైర్యమే కావలసివచ్చి ఉంటుంది. 1933లో ఆయన భావాల కారణంగానే కాకినాడ కళాశాల కొలువు పోయినది. బందరులోనూ కొన్నేళ్ళకు అదే గతి పట్టింది.

1940లో గోరా దంపతులు కృష్ణాజిల్లా ముదునూరు గ్రామానికి చేరి, అక్కడ నాస్తిక కేంద్రాన్ని ఆరంభించారు. వయోజనులకు చదువు చెప్పారు. పున్నమినాడు అన్ని కులాలవారిని ఒక్క పంక్తిన కూర్చుండబెట్టి భోజనాలు జరిపించారు. ఒకరు వండినది మరొకరు ముట్టని కాలమది. సమానత్వాన్ని గురించి ఎన్ని ఉపన్యాసాలిచ్చినా అవి ఒక విస్తరికి సాటిరావని గోరాకు తెలుసు. 1942 క్విట్ ఇండియా ఉద్యమంలో దంపతులిద్దరూ కారాగారవాసం చేశారు. చిన్నబిడ్డను వెంటబెట్టుకొని సరస్వతిగారు చెరసాలకు వెళ్ళారు. పిల్లల పేర్లలోనే ఆ కుటుంబం దేశచరిత్రను వ్రాసుకొన్నది. ఉప్పు సత్యాగ్రహం జరిగిన 1930లో పుట్టిన కుమారునికి లవణం అనీ, యుద్ధం మొదలైన సమయంలో పుట్టినవానికి సమరం అనీ పేర్లు పెట్టారు.

గాంధీజీతో గోరాకు గల అనుబంధం విలక్షణమైనది. ఒకరు రామనామాన్ని ఊపిరిగా చేసుకొన్నవారు, మరొకరు దైవభావననే త్రోసిపుచ్చినవారు. 1944లో సేవాగ్రామంలో మొదటిసారి కలిసినది మొదలు వారి చర్చలు సాగుతూనే ఉన్నాయి. ఏ ఒక్కరూ తన మతం మార్చుకోలేదు. అయినా అస్పృశ్యతా నిర్మూలనంలో ఇద్దరి చేతులూ కలిశాయి. తన పెద్దకుమార్తె మనోరమను హరిజన యువకుడైన అర్జునరావుకిచ్చి వివాహం చేయదలచినట్లు గోరా తెలుపగా, గాంధీజీ సంతోషించి ఆ వివాహం సేవాగ్రామంలో తానే జరిపిస్తానన్నారు. కొంతకాలం వేచి ఉండాలనీ, ఈలోగా వరుడు ఆశ్రమంలో ఉండి శిక్షణ పొందాలనీ సూచించారు. నాస్తికుల ఇంటి పెండ్లి గనుక వివాహప్రమాణంలో దేవుని పేరుకు బదులు సత్యం పేరు చెప్పడానికి కూడా అంగీకరించారు. అంతటి భక్తుడు ఆ మాట ఒప్పుకోవడం సామాన్యం కాదు. ముహూర్తాలు లేని ఆ పెండ్లి కోసం ఇరువైపులా ఎదురుచూస్తుండగా, 1948 జనవరి 30న గాంధీజీ హత్యకు గురైనారు. గోరా పెండ్లి మానుకోలేదు, చోటూ మార్చలేదు. మార్చి నెలలో అదే ఆశ్రమంలో మనోరమా అర్జునరావుల వివాహం జరిగినది.

జాతి, మతం అడ్డు లేకుండా వివాహమాడే హక్కు స్త్రీపురుషులకు ఉన్నదని ఐక్యరాజ్యసమితి మానవ హక్కుల ప్రకటనలో చేర్చినది అదే సంవత్సరం డిసెంబరు 10న. అంటే సేవాగ్రామపు పెండ్లి అప్పటికే తొమ్మిది నెలల పాతది! తరువాత 1960లో లవణం, మహాకవి గుఱ్ఱం జాషువా కుమార్తె హేమలతను వివాహమాడారు. ‘గబ్బిలం’ చదివిన విద్యార్థులకు ఆ సంబంధంలోని విశేషం వివరించనక్కరలేదు.

1947లో నాస్తిక కేంద్రం పటమటకు తరలినది. స్వాతంత్ర్యం సిద్ధించిన తరువాత గోరా దృష్టి రాజకీయ వ్యవస్థపైకి మళ్ళింది. 1949లో ‘సంఘం’ పత్రికను స్థాపించి తన వాదాన్ని వినిపించారు. ఓటరు తన ప్రతినిధిని ఎన్నుకొంటాడు, కాని ఆ ప్రతినిధి శాసనసభలో ఓటరుమాట గాక పార్టీ మాట వింటాడు. అధికారపక్షం ఏమి చేసినా సమర్థించడం ఒక వరుస వారి పని, ఏమి చేసినా వ్యతిరేకించడం ఎదుటి వరుస వారి పని. ఎన్నికలతో ముగియవలసిన వైరం అయిదేళ్ళూ సాగుతుంది. పార్టీల గీతలు చెరిపి, సభ్యులందరూ ప్రతి విషయాన్నీ దాని మంచిచెడ్డలను బట్టి నిర్ణయించాలని గోరా కోరారు. ఇదే ఆయన ప్రచారం చేసిన పార్టీరహిత ప్రజాస్వామ్యం. ఎం.ఎన్. రాయ్ 1948లో తన పార్టీనే రద్దు చేసుకొన్నారు. జయప్రకాశ్ నారాయణ్ కూడా ఇటువంటి ఆలోచననే చేశారు.

గోరా తన మాటను ఓటర్లముందు పరీక్షకు పెట్టారు. ఏ పార్టీ అండా లేకుండా 1952లోను, 1967లోను ఎన్నికలలో నిలిచి ఓడిపోయారు. 1961-62లో కొద్దిమంది సహచరులతో సేవాగ్రామం నుండి ఢిల్లీ వరకు సుమారు 1,100 మైళ్ళు 99 రోజులలో కాలినడకన వెళ్ళారు. ప్రజాసేవకులైన మంత్రులు ఆడంబరాలు విడిచి నిరాడంబరంగా జీవించాలన్నది వారు దారి పొడవునా చాటిన మాట. ప్రజలు తిండిగింజలకు కటకటలాడుతుండగా ప్రభుత్వ ఉద్యానాలలో పూలమొక్కలెందుకని, వాటి స్థానంలో కూరగాయలు పెంచాలని సత్యాగ్రహం కూడా చేశారు. ఇది విని నవ్వినవారున్నారు.

ఈ వాదంలో చిక్కు లేకపోలేదు. పొరుగుదేశమైన నేపాల్‌లో మహేంద్ర మహారాజు పార్టీలను నిషేధించి, 1962లో పార్టీలు లేని పంచాయతీ వ్యవస్థను నెలకొల్పారు. అది 1990 వరకు రాజరికానికి ముసుగుగానే ఉపయోగపడినది. పార్టీలను శాసనంతో తుడిచివేస్తే మిగిలేది ఒక్కని మాట. గోరా మార్గం అది కాదు. ఆయన నిషేధాన్ని గాక ఒప్పించడాన్ని నమ్ముకొన్న సత్యాగ్రహి. అయితే ఒప్పించడంలో ఆయన నెగ్గలేదనక తప్పదు. 1985లో వచ్చిన రాజ్యాంగసవరణతో పార్టీ విప్‌ను ధిక్కరించిన సభ్యుడు పదవినే కోల్పోయే స్థితి ఏర్పడినది. ఫిరాయింపులను అరికట్టడానికి చేసిన ఆ ఏర్పాటు, గోరా సడలించదలచిన ముడినే మరింత బిగించినది.

1972లో విజయవాడలో ప్రపంచ నాస్తిక మహాసభ జరిగినది. 1970లోను, 1974లోను గోరా విదేశాలలో పర్యటించి తన భావాలను వివరించారు. 1975 జూన్ చివరలో దేశంలో అత్యవసర పరిస్థితిని ప్రకటించి, ప్రతిపక్ష నాయకులను చెరసాలలకు పంపారు, పత్రికలకు కళ్ళెం వేశారు. సరిగా నెల తరువాత, జూలై 26న, డెబ్బది రెండేళ్ళ గోరా విజయవాడలో ఒక సభలో ప్రసంగిస్తూ ఉన్నచోటనే కుప్పకూలి కన్నుమూశారు.